ఎడమచేతి మెలిక

ఆ ఉదయం ఆకాశం ఎటూ తేల్చుకోలేదు.

కాసేపు చినుకు. కాసేపు ఎండ. మళ్ళీ చినుకు... ఎండలోనే చినుకు. తూర్పున మబ్బు బూడిదలా పరుచుకుని ఉంది. దాని అడుగున ఎక్కడో సూర్యుడు. ఉన్నాడంటే ఉన్నాడు, లేడంటే లేడు.

ముసలి కమ్మరి గడపలో నిలబడి పైకి చూశాడు. గొడుగు తీసుకోవాలా, అక్కర్లేదా — ఆయనకీ తేలలేదు.

తీసుకోకుండానే బయల్దేరాడు. వెనకాల భార్య. ఆమె వెనకాల కోడలు, నెత్తిన ఒక గోనెసంచి.

బడిలో పనుంది ఆయనకి.

వారం కిందట బడి టీచరమ్మ ఇంటికొచ్చి అడిగింది. ఊళ్ళో కట్టెల పొయ్యిలు ఆరిపోయి ఇరవై ఏళ్ళయింది. అటకల మీదా, పెరటి గూళ్ళలోనూ పడున్న పాత పొయ్యి సామానంతా పోగుచేస్తున్నాం. ఏది ఏమిటో పిల్లలకి సరే, మాకే తెలియదు. మీరొచ్చి చెప్తే చీటీలు రాసి అంటిస్తాం, మర్నాడు ఊరందరికీ చూపిస్తాం అంది. పేరేమిటి, దేనికి వాడతారు, ఎవరు చేశారు — మూడూ చెప్పాలంది.

ఎవరు చేశారు.

ఆ మూడో మాట దగ్గరే ఆయన ఒప్పుకున్నాడు.

ఊళ్ళో ఇనుము సగం ఆయనదే. పిడి చివర, తోక దగ్గర మూడు గాట్లుంటే ఆయన చేసిందని గుర్తు. ఊరు ఆయన పేరెప్పుడో మరిచిపోయింది. మూడుగాట్లాయన అంటుంది. పిలిస్తే ఆయనా అలాగే పలుకుతాడు.

మిగతా సగం...

మిగతా సగం కాలవ అవతలి కమ్మరిది.

ఆయన పోయి తొమ్మిదేళ్ళు. నవ్వులాయన అనేవారు. మాటకి ముందొక నవ్వు, మాటయ్యాక ఒక నవ్వు. ఆడవాళ్ళు మూడుగాట్లాయన కొలిమి ముందునుంచే నడిచి, చెక్కల వంతెన దాటి, అవతలికి పోయేవారు. ఎందుకమ్మా అంత దూరం అంటే — అడుగుతాడు, అనేవారు. మీ పొయ్యి ఎంత ఎత్తు, కూర్చుని వండుతావా నిలబడి వండుతావా, ఏ వేలు ముందు నొప్పెడుతుంది... అడుగుతాడు. అడిగి చేస్తాడు.

మూడుగాట్లాయన అడిగేవాడు కాదు. అందరికీ ఒకటే కొలత. వాళ్ళ నాన్న కొలత. నాన్నకి వాళ్ళ నాన్న ఇచ్చిన కొలత.

మనిషి పోయినా కుళ్ళు పోలేదు. అవతల ఆ కొలిమి కూలిపోయి పిచ్చిమొక్కలు మొలిచాయి. అటు చూసినప్పుడల్లా ఈయనకి ఆ మొక్కల మీద కూడా కోపమే — అంత పచ్చగా ఉండాలా అని.

*

బడిలో రెండు బల్లలు కలిపి వేశారు. మీద పాత దుప్పటి. దుప్పటి మీద ఇనుము.

నలభై పైచిలుకు వస్తువులు. తుప్పు పట్టినవి, మసి పట్టినవి, రెండూ పట్టి దేని రంగు ఏదో తెలియనివి. కొన్ని వారం నుంచీ ఉన్నాయి. కోడలు తెచ్చిన గోనెసంచి కూడా విప్పి ఆ చివర సర్దారు. చుట్టూ ఊరి ఆడవాళ్ళు. ఎవరి వస్తువు వాళ్ళ కళ్ళకి ముందు కనపడుతోంది. చెయ్యి చాపి తాకుతున్నారు. తాకి వేళ్ళు వాసన చూసుకుంటున్నారు.

పొగ వాసన... ఇరవై ఏళ్ళ తరవాత కూడా.

ఆయన మొదటి దాని దగ్గర నిలబడ్డాడు. ఊదుగొట్టం. పొయ్యిలో మంట ఊదేది. చేతిలోకి తీసుకుని నోరు పెట్టే కొస వెలుతురుకి తిప్పాడు. ఆ కొస మీద పంటి గాట్లు. ఇది కోపం మనిషిది, అన్నాడు. ఆడవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వారు. ఎవరిదో అందరికీ తెలుసు. ఆ కోపం మనిషి కూడా నవ్వింది.

రెండోది పట్టకారు. మూడోది పట్టకారు. మూడోదాని కాలు ఒకటి అరిగి పొట్టిదయింది — ఎప్పుడూ ఒకే గిన్నె దించిన ఇంటిది.

నిప్పులు తోడే చిన్న పార. బూడిద గోకే రేకు. పొయ్యి మీద గిన్నె ఊగకుండా నిలబెట్టే మూడుకాళ్ళ వలయం.

ఒక పొడుగాటి గొలుసు ఉంది. దాని పక్కన టీచరమ్మ ముందే చీటీ పెట్టింది, కుక్క గొలుసా అని. ఆయన ఆ చీటీ తిరగేసి పెట్టాడు. పొగగొట్టంలోకి వదిలి గలగలా ఆడిస్తే మసి రాలుతుంది, అన్నాడు. టీచరమ్మ నాలిక కరుచుకుని కొట్టేసి రాసింది.

ఒక్కొక్కటీ తీస్తున్నాడు. తోక చూస్తున్నాడు. మూడు గాట్లు. మూడు గాట్లు. మూడు గాట్లు. ఇన్ని వంటిళ్ళలో ఉన్నానా... ఇన్ని పొద్దులు వెలిగించానా...

నవ్వులాయన అర్ధచంద్రం గుర్తు వచ్చినప్పుడు మాత్రం వస్తువు పేరు చెప్పి ఊరుకుంటున్నాడు. చేసిందెవరు తాతా అని టీచరమ్మ అడిగితే, అవతలిది, అంటున్నాడు. పేరు చెప్పండి అంటే, అవతలిది అని రాయమ్మా, తెలుస్తుంది, అంటున్నాడు.

బల్ల చివరికి వచ్చాడు. కోడలి గోనెసంచిలోవి. తన ఇంటివి. ఇక్కడ తోక చూడక్కర్లేదు. చూపుతోనే తెలుస్తుంది.

మూడు గాట్లు. మూడు గాట్లు.

తరవాతిది చేతిలోకి తీసుకున్నాడు.

ఆగాడు.

*

మూరెడు పొడుగు. చిటికెన వేలంత లావు. ఒక కొస సూదిగా — మండే కట్టెను ఎగదోయడానికి. ఆ కొస పక్కనే వంకర ముక్కు — మంట ఎక్కువైతే కట్టెను వెనక్కి లాగడానికి. ఎగదోసే కొక్కెం. ఊళ్ళో ప్రతి ఇంటికీ ఆయన చేసిచ్చాడు. కళ్ళకి గంతలు కట్టినా చేస్తాడు.

ఇది ఆయన చెయ్యలేదు.

తోక చూశాడు. గాట్లు లేవు. అర్ధచంద్రమూ లేదు. ఏమీ లేదు... నున్నగా, మాట్లాడకుండా ఉంది.

పిడి దగ్గర మెలిక. ఇనుమును ఎర్రగా కాల్చి తిప్పితే వచ్చే మెలిక. ఏడు చుట్లు. చుట్టుకీ చుట్టుకీ మధ్య ఒకటే ఎడం, దువ్వెన పళ్ళలా. పైన బొటనవేలు ఆనడానికి చిన్న పల్లం.

గుప్పిట పట్టి చూశాడు. కుదరలేదు. మెలిక అరచేతిని ఒరుసుకుంది. పల్లం వేలికి అందలేదు.

ఎడమచేతిలోకి మార్చాడు.

పొదుగు దొరికిన దూడలా ఒదిగిపోయింది.

ఆయన భార్యది ఎడమచేతి వాటం.

ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసి మరిచిపోయాడు. కాపురానికొచ్చిన కొత్తలో చూశాడు, తరవాత చూడలేదు. ఆయన ముందు ఎప్పుడూ కుడిచెయ్యే. వడ్డించినా, నీళ్ళందించినా, కొలిమి గాలితిత్తి లాగినా. పోయిందనుకున్నాడు, చిన్నప్పటి నత్తి పోయినట్టు.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఎప్పుడో ఒకసారి ఆమె అడిగింది. ఆ కొక్కెం పిడి కాస్త ఇటు తిప్పి చేసిస్తావా అని. ఆయన తలెత్తకుండానే అన్నాడు — ఊరంతా వాడేదే నువ్వూ వాడు.

మళ్ళీ అడగలేదు ఆమె.

మళ్ళీ ఎందుకు అడగలేదో... ఇప్పుడు చేతిలో ఉంది.

"ఇదెక్కడిది?" అన్నాడు.

కోడలు ముందుకొచ్చింది. "పెరట్లో పాత పొయ్యి వెనకాల చిన్న గూడుంది కదా మామయ్యా. అందులో. గుడ్డ చుట్టి పెట్టుంది."

గుడ్డ చుట్టి.

పాలమ్మే ఆవిడ వంగి చూసింది. ఆయనకి వరసకి మరదలు. నోటికి మూత లేని మనిషి. "అబ్బ, ఎంత ముచ్చటగా ఉందో. నవ్వులాయన పనితనమే బావా. ఇంత ఓపిక ఇంకెవరికుంది?"

గదిలో నవ్వులు. చిన్న నవ్వులే.

ఎవరూ పుల్ల వెయ్యాలని వెయ్యలేదు. అంటుకుంది.

కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం అంటారు. అరవై ఏళ్ళు నిప్పు ముందు నిలబడ్డాడు. కంట్లో ఒక్క రవ్వ పడకుండా కాపాడుకున్నాడు. ఇవాళ, చల్లటి ఇనుము నుంచి...

భార్య వైపు చూశాడు. ఆమె కిటికీ దగ్గర ఉంది. ఆయన చేతిలోని దాన్ని చూస్తోంది. ఆయన్ని కాదు.

టీచరమ్మ కలం పట్టుకుని ఎదురుచూస్తోంది. పేరు. దేనికి. ఎవరు.

"ఇది పొయ్యి సామాను కాదు," అన్నాడు ఆయన. "బండి చీల. చక్రం జారకుండా పెట్టేది."

"చీలకిన్ని సింగారాలా బావా?" అంది పాలావిడ.



టీచరమ్మ గుండ్రటి అక్షరాలతో రాసింది. బండి చీల. ఎవరు చేశారో తెలియదు.

కిటికీ దగ్గర ఆమె మెల్లగా అటు తిరిగింది. బయట ఎండలో చినుకు పడుతోంది. కాసేపు దాన్నే చూసింది. పొయ్యి మీద పని ఉందని కోడలితో చెప్పి, ఇంటికి వెళ్ళిపోయింది.

తుప్పు వదిలించి రేపు పొద్దున్నే తెస్తానని చెప్పి, ఆయన ఆ కొక్కేన్ని తువ్వాలులో చుట్టుకున్నాడు. చీటీ మాత్రం బల్ల మీద ఉండిపోయింది, సిరా ఆరుతూ.

*

కొలిమి ఇంటి పక్కనే.

ముందు భాగం కొడుకుది. గేట్లు, కిటికీ చువ్వలు వెల్డింగ్ చేస్తాడు. ఆ గదిలో నీలం వెలుగు, గరగరమనే చప్పుడు. వెనక భాగం ఆయనది. చల్లారిన పొయ్యి, ఒరిగిన తిత్తి, చెక్క మొద్దు మీద దాగలి. ఇనుముని పెట్టి కొట్టీ కొట్టీ ఆ దాగలి నడుము పల్లమైంది.

దాని మీద కొక్కేన్ని పెట్టి ఎదురుగా కూర్చున్నాడు.

ఎప్పుడు?

లెక్క వేసుకున్నాడు. ఆయన ఊరు వదిలింది ఒక్కసారే. రైలు పట్టాలు వేసే పనికి, నాలుగు నెలలు. పెద్ద కూతురు నడక నేర్చిన ఏడు. ఆ నాలుగు నెలల్లో ఆమె చెక్కల వంతెన దాటి ఉంటుంది. నవ్వులాయన నవ్వుతూ ఎదురొచ్చి ఉంటాడు. ఏ చెయ్యమ్మా అని అడిగి ఉంటాడు. ఈమె చెయ్యి చాపి చూపించి ఉంటుంది...

ఎడమచెయ్యి.

భర్త ముందు దాచుకున్న చెయ్యి.

అక్కడ ఆగలేకపోయాడు. మనసు కట్టెను ఎగదోస్తూనే ఉంది. నవ్వులాయన ఆ చేతిని పట్టుకుని కొలత చూశాడా? దారంతో చూశాడా? కళ్ళతోనే చూశాడా? ఈమె నవ్విందా? ఈమె నవ్వు ఎలా ఉంటుందో తనకి గుర్తుందా?

లేదు.

అది ఇంకా మండింది.

ఎవరి కొలిమిలో ఎవరి పెళ్ళానికి ఎవరు... ఇరవై రెండేళ్ళు ఈ తిత్తి లాగిన మనిషి. ఇనుము ఎప్పుడు పండిందో, ఎప్పుడు తీయాలో తను నోరు తెరవకముందే ఎరిగిన మనిషి. ఆ మనిషి పోయి పక్కవాడి గడపలో నిలబడి నాకొకటి చేసిపెట్టమని అడిగిందా? అడిగి, తెచ్చుకుని, గుడ్డ చుట్టి, పొయ్యి వెనకాల గూట్లో... రోజూ తీసి, రోజూ వాడి, తన అడుగుల చప్పుడు వినగానే రోజూ దాచిందా?

తను తిన్న ప్రతి ముద్దా దీంతో ఎగదోసిన మంట మీదే ఉడికిందా?

కడుపులో మంట. నోట్లో బూడిద.

ఇటుక పొడి తీసుకున్నాడు. నూనె గుడ్డ తీసుకున్నాడు. తోమడం మొదలుపెట్టాడు. గట్టిగా... ఇనుమునే కాదు, ఇంకెవరినో తోముతున్నట్టు.

తుప్పు పోతోంది. కింద ఇనుము నల్లగా, నీటిలోంచి లేచే చేప వీపులా బయటికొస్తోంది.

దెబ్బలు కనపడ్డాయి.

సుత్తి దెబ్బలు రాత లాంటివి. చదివేవాడికి మనిషి కనపడతాడు. నవ్వులాయన సుత్తి దెబ్బ ఈయనకి బాగా తెలుసు. గుండ్రటి మొహం, తేలిక చెయ్యి, చేప పొలుసులా పక్కపక్కన పడేది. ఎన్నిసార్లు దొంగతనంగా చూశాడు దాన్ని. చూసి ఎన్నిసార్లు కుళ్ళుకున్నాడు.

ఇది ఆ దెబ్బ కాదు.

ఇది చదును మొహం. దెబ్బ దెబ్బకీ అంచున చిన్న నొక్కు, గోరు గుచ్చినట్టు.

తల తిప్పాడు. గోడకి ఆయన సుత్తి వేలాడుతోంది. దాని మొహం మీద ఒక మూల విరిగి ఉంది. పెళ్ళికి ముందే విరిగింది. ఆ మూల ప్రతి దెబ్బకీ గోరు గుచ్చినట్టు నొక్కు పెడుతుంది. ఊళ్ళో ఏ ఇనుము మీదున్నా ఆ నొక్కు ఆయనదే.

ఆయన సుత్తి.

ఆయన దాగలి.

అంటే... ఇక్కడికొచ్చాడా?

ఇక్కడ. ఈ మొద్దు ముందు. నవ్వులాయన నిలబడి ఉన్నాడు, ఈయన సుత్తి పట్టుకుని. ఈమె తిత్తి లాగుతోంది. ఇద్దరి మొహాల మీదా ఒకటే వెలుగు. ఆయన ఏదో అన్నాడు. ఈమె నవ్వింది. ఆ నవ్వు ఈ గోడలు విన్నాయి. ఈ గోడల మధ్యే తను ఇన్నేళ్ళు...

లేచాడు. సుత్తి తీశాడు. ఎందుకు తీశాడో ఆయనకే తెలియదు. కొట్టి వంకర చేద్దామనేమో. కొక్కేన్ని దాగలి మీద ఆనించి, పాత దెబ్బ మీద సుత్తి మొహాన్ని ఆనించాడు, కొట్టేముందు ఎప్పుడూ ఆనించినట్టు.

నొక్కు కలవలేదు.

విరిగిన మూల ఇటు ఉంది. ఇనుము మీద నొక్కు అటు ఉంది.

కొక్కేన్ని తిప్పి చూశాడు. కలవలేదు. అటు నిలబడి చూశాడు. కలవలేదు.

మెలికను ఏ చేత్తోనైనా ఎటు కావాలంటే అటు తిప్పొచ్చు. అడిగినవాళ్ళ కోసం తిప్పొచ్చు. దెబ్బ మాత్రం కొట్టేవాళ్ళ చెయ్యి ఎటుంటే అటు నుంచే పడుతుంది.

నవ్వులాయనది కుడిచెయ్యి.

సుత్తిని ఎడమచేతిలోకి మార్చాడు. అలవాటు లేని చెయ్యి, బరువుకి ఒరిగింది. మెల్లగా ఆనించాడు.

విరిగిన మూల సరిగ్గా నొక్కులో కూర్చుంది.

*

సుత్తి కింద పెట్టి మొద్దు పక్కన కూర్చున్నాడు.

ముందు గదిలో కొడుకు నీలం వెలుగు మెరిసి ఆరింది. మళ్ళీ మెరిసింది. కప్పు మీద చినుకులు లెక్కపెట్టగలిగినంత మెల్లగా పడుతున్నాయి.

రైలు పట్టాల పని నుంచి తిరిగొచ్చినప్పుడు రెండు సంగతులు చూశాడు. బొగ్గు తగ్గింది. పక్కింటివాళ్ళని అనుమానించాడు, వాళ్ళతో ఏడాది మాటల్లేవు. ఆమె ఎడమ మణికట్టు మీద కాలిన మచ్చ ఉంది. పొయ్యి దగ్గర కాలిందంది. నమ్మాడు. వండే ప్రతి చేతికీ మచ్చలుంటాయి.

ఆ మచ్చ గుండ్రంగా ఉంది. చిన్నగా. ఎర్రటి ఇనుము నుంచి ఎగిరిన పొట్టు అలా కాలుస్తుంది. ఆయన చేతుల నిండా అవే ఉన్నాయి. పోల్చుకోలేదు.

దానికీ ముందు...

కాపురానికొచ్చిన నెలకో, రెణ్ణెల్లకో. తిత్తి లాగడం ఆపి ఆమె సుత్తి తీసింది. ఊరికే, బరువు చూద్దామని. ఎడమచేత్తో. ఆయన చూశాడు. చెయ్యి మార్చు, అన్నాడు. అంతే. కోపంగా కూడా అనలేదు. ఆమె చెయ్యి మార్చింది. ఒకసారి పైకెత్తింది. సుత్తి కింద పెట్టేసింది.

మళ్ళీ ముట్టుకోలేదు అనుకున్నాడు.

కొక్కేన్ని మళ్ళీ వెలుతురుకి పెట్టాడు.

ఏడు చుట్లు. ఒకటే ఎడం. మొదటి చుట్టుకీ చివరి చుట్టుకీ వెంట్రుకవాసి తేడా లేదు. ఆయన మెలికలు ఎప్పుడూ చివర్లో బిగుసుకునేవి. ఇనుము చల్లారేది, చెయ్యి తొందరపడేది. వాళ్ళ నాన్న అనేవాడు, నీకు ఓపిక ఐదో చుట్టు దాకే రా అని. అందుకే ఆయన ఎప్పుడూ ఐదు చుట్లే తిప్పాడు. ఐదే అందమని ఊరికి చెప్పాడు.

ఏడు.

ఆయనకి నవ్వులాయన కావాలనిపించింది. వెనక్కి కావాలనిపించింది. ఆయన మీదైతే కుళ్ళుకోవడం తెలుసు. తొమ్మిదేళ్ళ కింద పోయిన మనిషి, కాలవ అవతల, పిచ్చిమొక్కల కింద... ఎంతైనా కుళ్ళుకోవచ్చు. పక్క మంచం మీద పడుకునే మనిషి మీద ఎలా? రోజూ అన్నం పెట్టే చేతి మీద ఎలా?

కానీ కుళ్ళు ఆగలేదు. ఇంకా లోపలికి పోయింది. ముందు కడుపులో ఉన్నది, ఇప్పుడు చేతుల్లోకి వచ్చింది. ఈ చేతులు అరవై ఏళ్ళలో ఇంత మంచి మెలిక తిప్పలేదు. ఆ చెయ్యి ఒకే ఒక్కసారి ఇనుము పట్టి... ఒకే ఒక్కసారా?

ఒకసారి చేసిన పని ఇలా ఉండదు. ఆ సంగతి ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు. ముందు పాడైనవి ఉంటాయి. వంకరపోయినవి, మాడినవి, ముక్కు విరిగినవి. అవి ఎక్కడ పోయాయి? బొగ్గు ఊరికే తగ్గలేదు.

నాలుగు నెలలు... ఎన్ని పగళ్ళు...

ఉలి తీశాడు. గాట్లు పెట్టే సన్నటి ఉలి.

మూడు దెబ్బలు చాలు. టక్. టక్. టక్. తోక మీద మూడు గాట్లు పడితే ఇది ఆయనది. రేపు పొద్దున్న టీచరమ్మకి ఇచ్చి, ముసలితనం అమ్మా, నిన్న పోల్చుకోలేకపోయాను, ఇది నేనే మా ఇంటావిడకి చేసిచ్చాను అంటే సరి. పాలావిడ నోరు మూతపడుతుంది. భార్య చెయ్యి కొలిచి, అడిగి చేసిచ్చిన మొగుడు అంటారు. ఊరంతా చీటీ చదువుతుంది. ఏడు చుట్లు చూస్తుంది.

ఏడు చుట్లు ఆయనవి అవుతాయి.

ఉలి మొన తోక మీద ఆనించాడు. సుత్తి ఎత్తాడు.

గడపలో నీడ పడింది.

ఆమె. కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. ఎప్పటినుంచి ఉందో. ఉలిని చూసింది. ఉలి ఎక్కడ ఆనిందో చూసింది. మొహంలో ఏమీ మారలేదు.

"పెట్టుకుంటే పెట్టుకో," అంది. "అక్కడ వద్దు. అక్కడ సన్నం. పగులుతుంది."

సుత్తి గాల్లోనే ఉంది.

అడగాల్సింది చాలా ఉంది. ఒకటే వచ్చింది.

"ఎవరు నేర్పారు?"

"ఎవరు నేర్పాలి? అప్పటికే ఏళ్ళ తరబడి తిత్తి లాగాను. కళ్ళు మూసుకుని లాగానా?"

ముందు గదిలో వెలుగు మెరిసింది. ఆమె మణికట్టు ఒకసారి కనపడి మళ్ళీ చీకటైంది.

"చెప్పలేదేం?" అన్నాడు. ఆ గొంతు ఆయనకే కొత్తగా ఉంది.

చేతులు తుడుచుకోవడం అయిపోయింది. అయినా తుడుచుకుంటోంది.

"చెయ్యి మార్చమంటావని."

అంతే అంది. కోపంగా కూడా అనలేదు. భోజనం చల్లారిపోతోందని చెప్పి లోపలికి వెళ్ళింది.

సుత్తి దించాడు. మెల్లగా దించాడు, చప్పుడు కాకుండా. ఉలిని పక్కన పెట్టాలి. పెట్టలేదు. కొక్కెం మీదే వదిలేశాడు. వాటిని అలా దాగలి మీద ఉంచి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

నీళ్ళు చల్లగా ఉన్నాయి. నలుపు వదల్లేదు.

*

నలుగురూ నేల మీద కూర్చున్నారు. ఆయన, కొడుకు ఒక వైపు. కోడలు ఇటు. ఆమె గిన్నెల దగ్గర.

కొడుకు గేటు సంగతి ఏదో మొదలుపెట్టాడు. తండ్రి మొహం చూసి సగంలో ఆపేశాడు. కోడలు అత్త మొహం చూసింది, మామ మొహం చూసింది, కంచంలోకి చూసుకుంది.

నమిలే చప్పుడు. గిన్నె మీద మూత చప్పుడు. బయట చినుకు ఆగిందో లేదో.

రేపు పొద్దున్న బడి తలుపులు తీస్తారు. ఊరంతా వస్తుంది. బల్ల మీద చీటీ ఉంటుంది, గుండ్రటి అక్షరాలతో. అది మార్చమని చెప్పాలి. చెప్పాలంటే పేరు చెప్పాలి. ఎవరు చేశారు తాతా అని అడుగుతుంది టీచరమ్మ, కలం పట్టుకుని. పాలావిడ వింటూ ఉంటుంది. ఒక్క మాట. చిన్న మాట. అది ఆయన నాలిక మీదే ఉంది, ముద్దతో పాటు. ముద్ద దిగుతోంది. మాట దిగడం లేదు, పైకీ రావడం లేదు.

కంచం ఖాళీ అయింది.

ఆమె చూసింది. అడగలేదు. గరిటె తీసింది.

ఎడమచేత్తో తీసింది.

కొడుకు నమలడం ఆపాడు. కోడలు తలెత్తి వెంటనే దించుకుంది. ఇన్నేళ్ళలో ఆ చెయ్యి ఎవరికీ వడ్డించగా వాళ్ళు చూడలేదు.

గరిటె అంచుదాకా నిండింది. గిన్నె మీంచి లేచి ఆయన కంచం వైపు వస్తోంది. తొందర లేదు. వణుకు లేదు. మణికట్టు మీద మచ్చ తెల్లగా, పాతబడి, మెత్తగా ఉంది. ఆయన చెయ్యి చూడటం లేదు. గరిటె అంచు చూస్తున్నాడు. ఒక్క చుక్కైనా ఒలుకుతుందేమోనని చూస్తున్నాడు.

ఒలకాలని చూస్తున్నాడు.

ఒలకలేదు.

గరిటె ఖాళీ అయ్యేదాకా అలాగే చూసి, తల వంచుకుని తిన్నాడు.